బాతు మార్కు రైలు

ఎండాకాలంలో మా మెట్‌పల్లిలో ఎవరింట్లో చావు జరిగినా, ఆ కబురు బంధువుల కంటే ముందు నాకే తెలుస్తుంది. మాది ఐసు ఫ్యాక్టరీ. దూరాన ఉన్న కొడుకో కూతురో వచ్చేదాకా శవాన్ని ఉంచాలంటే ఐసు దిమ్మె కావాలి కదా. పొద్దున్నే గోనెసంచి చంకన పెట్టుకుని ఎవరైనా మా గడప ముందు నిలబడితే, ఆ ముఖం చూడగానే నాకు అర్థమైపోతుంది. "ఎవరు?" అని ఒక్క మాటే అడుగుతాను. ఏళ్ల తరబడి అడుగుతున్న మాట కాబట్టి గొంతు వణకదు.

మొన్న వైశాఖంలో అలాగే మసీదు పక్కన చాయ్ హోటలాయన వచ్చాడు. "ఎవరు?" అన్నాను, చేతిలో పాల గిన్నె కింద పెట్టకుండానే.

"మన రేకుల చిచ్చా పోయిండమ్మా," అన్నాడు ఆయన నేల చూస్తూ. "పొద్దుగాల నమాజుకు రాలే. ఏందని ఇంటికి పోయి చూస్తే గప్పటికే అయిపోయింది. బిడ్డ బోథ్ కెల్లి రావాలె. సాయంత్రం బస్సు దాంక మట్టి ఆపుతమన్నరు. రెండు దిమ్మెలియ్యుండ్రి."

అప్పుడు నా చేతిలోంచి గిన్నె జారింది. మా ఆయన దిమ్మెలు తీసి రేకు పెట్టెలో పెట్టాడు. ఆ పెట్టె చిచ్చా చేసిందే. చేసిన మనిషి ఇంటికి అదే పెట్టె ఐసు మోసుకుని పోయింది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా మా ఊళ్లో సగం మందికి ఎవరో తెలియదు. చిన్నా పెద్దా, హిందువూ ముసల్మానూ, అందరికీ ఆయన రేకుల చిచ్చాయే. మా వీధి చివర దుకాణం. చిమ్నీ దీపాలు, నూనె గరాటులు, గింజల కొలతలు, పెళ్లికూతుళ్ల సారె పెట్టే సందుగులు అన్నీ అక్కడే. కొత్త రేకు ఆయన కొన్నది తక్కువ. పాత డాల్డా డబ్బాలు, టీ డబ్బాలు, బిస్కట్ డబ్బాలు కోసి సాగదీసి చేసేవాడు. కోసేటప్పుడు ఒక పట్టుదల ఉండేది. డబ్బా మీది బొమ్మ మాత్రం వీలైనంతవరకు లోపలికి పోనిచ్చేవాడు కాదు. "ఎవడో కండ్లు పోంగ గీసిండు బిడ్డా, మనం కత్తెరేసి పాతరెయ్యొద్దు," అనేవాడు. అందుకే మా వీధిలో ఏ ఇంటి దీపం చూసినా దాని బుడ్డి మీద సగం తామర పువ్వో, తల లేని ఏనుగో, గులాబీ పట్టుకున్న దొరసాని చెయ్యో కనిపించేది. రేకును చెవి దగ్గర పెట్టుకుని గోటితో టక్కున కొట్టి వినడం ఆయన అలవాటు. మేకలు కొనేవాళ్లు పళ్లు చూసినంత శ్రద్ధగా వినేవాడు.

మాది నేత కుటుంబం. ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో మా ఆయన కరీంనగర్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీ చూసి వచ్చాడు. వచ్చిన నాటి నుంచి ఆయనకు నిద్ర పట్టలేదు, నాకూ పట్టనివ్వలేదు. చివరికి ఇంట్లో ఉన్న రెండు మగ్గాలూ అమ్మి, నా మెడలోదీ కలిపి, పాత మిషను ఒకటి, దాన్ని తిప్పే ఆయిలింజను ఒకటి తెచ్చాడు. మగ్గం అమ్మి మంచు కొన్నాడని వీధంతా నవ్వింది. మా అత్తగారు మూడు రోజులు అన్నం ముట్టలేదు. "కరిగిపోయే సరుకు మీద కాపురం నిలవెడ్తవారా?" అని కొడుకును అడిగింది. ఆమె అడిగిన దానిలో తప్పేమీ లేదు. నాకూ అదే భయం.

అప్పుడు నవ్వని మనిషి చిచ్చా ఒక్కడే. ఐస్‌ఫ్రూట్ పోసే అచ్చులు, సైకిళ్ల మీద పెట్టే పెట్టెలు ఆయనే చేశాడు. పెట్టెకు రెండు గోడలు, మధ్యలో వరి ఊక కూరి, మూత కింద గోనె. మార్కు కావాలంటే నేను హంసను గీయమన్నాను. ఆయన రెండు రోజులు కూర్చుని గీశాడు. చూస్తే మెడ పొట్టిగా, పొట్ట లావుగా, అచ్చంగా బాతు.

"చిచ్చా, ఇది హంసనా?" అన్నాను.

ఆయన బొమ్మను అటు నుంచి ఇటు నుంచి చూశాడు. "హంసను నేను చూసిన్నా బిడ్డా? బాతునంటే రోజు చూస్తున్న," అన్నాడు. మేం పెట్టెల మీద బాతు మార్కు ఐస్‌ఫ్రూట్ అనే రాయించుకున్నాం.

మొదట్లో బాగా నడిచింది. మా బాతు కోరుట్ల దాకా పోయేది. చిచ్చా సాయంత్రాలు తన దుకాణం ముందు కూర్చుని సాసర్లో చాయ్ ఊదుకుంటూ గొప్పలు పోయేవాడు. ఎప్పుడో మంచిర్యాల స్టేషన్లో గోదావరి చేపలను ఐసు పెట్టెల్లో పెట్టి రైలెక్కించడం చూశాడట. "ఎన్నడన్న ఒక దినం నీ బాతు డబ్బాలు గూడ రైలెక్కుతయ్ చూడు. డబ్బా మీద డబ్బా, డబ్బా మీద డబ్బా, బంబై దాంక," అనేవాడు. "బంబై పోయేసరికి పుల్లలే మిగుల్తయి చిచ్చా," అని నేను ఏడిపించేదాన్ని.

ఆ వేసవి నడుమన దెబ్బ పడింది. ఒకనాడు సైకిలు మీద అమ్మబోయిన మనిషి నిండు పెట్టెతో తిరిగొచ్చాడు. ఐస్‌ఫ్రూట్‌లో ఉప్పు ఉన్నదని పిల్లలు ఉమ్మేస్తున్నారట. మరునాడు ఇంకొకాయన పెట్టె అలాగే వచ్చింది. నాలుగు రోజుల్లో ఊరు ఊరంతా కథలు అల్లేసింది. మురుగు నీళ్లు పోస్తున్నామని ఒకరు, ఇంజను నీళ్లు పోస్తున్నామని ఒకరు. బిడ్డకు జ్వరమొస్తే బాతు మార్కే, కడుపు నొస్తే బాతు మార్కే.

నేను ఒక్కో అచ్చులోదీ నాకి చూశాను. కొన్నింటిలో నిజంగానే ఉప్పు. ఐస్‌ఫ్రూట్ గడ్డకట్టేది ఉప్పునీళ్ల తొట్టిలో. పాలు పోసిన అచ్చులను ఆ చల్లని ఉప్పునీళ్లలో ముంచి ఉంచుతాం. అచ్చుకు సూదిమొనంత సందు దొరికినా చాలు, ఉప్పు లోపలికి దూరుతుంది. అంటే తప్పు చిచ్చా రేకు అతుకుల మీద సీసం కరిగించి వేసిన మాటుదన్నమాట.

"నా మాటు కారదు," అన్నాడు చిచ్చా. అంత కోపంగా ఆయన మాట్లాడటం అదే మొదటిసారి. "నలబై ఏండ్లాయె. నూనె కొలత గాని, గ్యాసునూనె డబ్బా గాని, నా మాటు కారిందన్న మనిషిని ఒక్కన్ని తోలుకరా."

పొయ్యిలోని బూడిద తెచ్చి నేల మీద పల్చగా చల్లాడు. అచ్చు నిండా నీళ్లు పోసి దాని మీద పెట్టాడు. అది ఆయన పరీక్ష. ఒక పూట ఆగి తీస్తే బూడిద పొడిగా ఉంది. "బూడిద అబద్ధమాడదు," అని నా ముఖం వైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది. అదే అచ్చును తొట్టిలో వేయించి, పాలు పోయించి, గడ్డకట్టాక ఆయన చేతిలో పెట్టాను. నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు మింగలేదు.

ఆ రోజు పగలంతా ఆయన ఉప్పునీళ్ల తొట్టి పక్కన కూర్చుని, ఒక్కో అచ్చునూ ముంచి, వేళ్లు తిమ్మిరెక్కేదాకా అంచు వెంట తడిమాడు. పొద్దు వాలేసరికి సంగతి దొరికింది. ఆయన జీవితమంతా చేసింది ఎండలో, పొయ్యి మీద పని చేసే సామాన్లు. రేకు వేడికి ఎలా సాగుతుందో ఆయనకు తెలుసు. చలికి ముడుచుకుంటుందని, అప్పుడు మాటు పగులుతుందని తెలియదు. మాకు మాత్రం తెలుసా? మా నాన్నలు, తాతలు ఎవరైనా చలిని అమ్మారా?

ఆయన అచ్చులన్నీ విప్పి, ఈసారి అంచు మీదికి అంచు మడిచి, మళ్లీ మాటు వేశాడు. ఒక్కటీ కారలేదు. కానీ అప్పటికే వేసవి పోయింది, పేరూ పోయింది. కోపం వస్తే నా నోటికి హద్దుండదు. ఆయన మొహం మీదే, నువ్వు మా ఇంటి దీపం ఆర్పావని అన్నాను. ఆ తర్వాత వానాకాలం, చలికాలం ఆయనతో మాట్లాడలేదు. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మా ముందు ఉన్నది ఒక్కటే దారి. ఫాల్గుణంలో ధర్మపురి జాతర. అక్కడ మా సరుకు పోతే వేసవి నిలుస్తుంది, పోకపోతే మా ఆయన షోలాపూర్ వెళ్లి పరాయి మగ్గం మీద కూలికి నేయాలి. పోయినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో మా వాడకట్టులో అందరికీ తెలుసు. ఆయన బట్టల మూట కట్టి దూలానికి వేలాడదీశాడు. వంట చేస్తూ తల ఎత్తితే నాకు ఆ మూటే కనిపించేది.

జాతర ఇంకో పది రోజులుందనగా చిచ్చా ఒక పెద్ద బల్లను బండి మీద వేయించుకుని మా వాకిట్లోకి వచ్చాడు. బల్ల మీద గుండ్రంగా పట్టాలు. పెట్టెలకు బిగించే ఇనుప పట్టీలను వంచి చేసినవి. మధ్యలో ఎవరో పారేసిన గ్రామఫోను స్ప్రింగు, దానికి ఒక పొడుగాటి చువ్వ. చువ్వ కొసకు జానెడు ఇంజను, దాని వెనక ఏడు గూడ్సు డబ్బాలు. ఒక్కో డబ్బా మీద ఒక్కో బుల్లి ఐసు పెట్టె. నిజం పెట్టెలాగే రెండు గోడలు, మధ్యలో ఊక, మూత కింద గోనె. ఒక్కో పెట్టె మీద పొట్టి మెడ బాతు. చివర ఒక గార్డు డబ్బా.

ఆయన తాళం తిప్పాడు. గానుగెద్దు తిరిగినట్టు చువ్వ తిరిగింది, ఇంజను కదిలింది. పావు చుట్టు తిరిగిందో లేదో, వెనక డబ్బాలు ఒకదాని వెంట ఒకటి పట్టాలు దిగి పల్టీ కొట్టాయి. మళ్లీ పెట్టాడు. మళ్లీ పడ్డాయి.

"నీ చెయ్యి పడ్డదేది నిలవదు చిచ్చా," అన్నాను. ఎనిమిది నెలల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది.

ఆయన పడిన డబ్బాలను ఏరి తువ్వాలలో కట్టుకున్నాడు. మరునాడు దుకాణం మూసి ఉంది. మంచిర్యాల పోయాడని తెలిసింది. ఆ మూడోనాడు మిట్టమధ్యాహ్నం గడ్డమంతా బొగ్గు పొడితో నేరుగా మా ఫ్యాక్టరీలోకి వచ్చాడు. నేను మాట్లాడుతున్నానా లేదా అన్నది ఆయనకు గుర్తే లేదు.

"బిడ్డా, అంచు లోపటున్నదే!" అని అరిచాడు.

సంగతేమిటంటే, చక్రం పట్టా దిగకుండా పట్టుకోవడానికి పక్కన ఒక అంచు ఉండాలి. ఈయన దాన్ని బయటి వైపు పెట్టాడు. పొలానికి గట్టు బయటే కదా ఉండేది, గిన్నెకు అంచు బయటే కదా ఉండేది అనుకున్నాడు. స్టేషన్లో నిలబడ్డ గూడ్సు బండి కిందికి దూరి, వెల్లకిలా పడుకుని చూశాడట. రైలు మనిషి ఒకాయన కాలరు పట్టి బయటికి గుంజాడట.

"దొంగననుకున్నడు. చక్రం చూస్తున్న సాబ్ అన్న. గీ ముసలితనంల చక్రమెందుకయా అన్నడు. మా బిడ్డ ఫ్యాక్టరీకి రైలు చేస్తున్న అన్న. ఇగ నవ్విండు, చాయ్ తాపిండు, పక్కన కూసుండి అంతా చూపెట్టిండు. అంచు లోపటుంటదట బిడ్డా. మలుపుల బండి బయటికి గుంజుతదట. లోపట పట్టుంటెనే నిలుస్తదట."

మా బిడ్డ ఫ్యాక్టరీ అన్నాడని విన్నాక ఇంక నాకు కోపం నిలవలేదు. చాయ్ పెట్టడానికి లోపలికి పోయి, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. అచ్చు కారిందని ఒక మనిషి నలభై ఏళ్ల మంచి పనిని మరిచిపోయిన నాకు, ఆ చాయ్ ఇవ్వడానికి కూడా మొహం చెల్లలేదు.

జాతరలో బల్ల చుట్టూ జనం మూగారు. వాళ్లలో రైలును దగ్గరగా చూసినవాళ్లు ఎందరని? చిచ్చా ఏడు పెట్టెల్లో ఏడు ఐస్‌ఫ్రూట్‌లు పెట్టి తాళం తిప్పాడు. బండి చుట్టూ తిరిగింది, ఒక్క డబ్బా కూడా దిగలేదు. బండి ఎవరి ముందు ఆగితే ఆ పిల్లవాడు మూత తీసి తినాలి, ఊరికే. పిల్లలు చేతులు చాపారు. వెనక నుంచి తల్లులు ఆ చేతులు వెనక్కి లాగారు. ఒకావిడ గట్టిగానే అంది.

"గిది గా బాతు మార్కే గదా! గిండ్ల ఉప్పుంటదట. మురుగు నీళ్లట."

మా ఆయన తల దించుకున్నాడు. చిచ్చా చువ్వను చేత్తో ఆపాడు.

"ఉండె తల్లీ, పోయినేడు ఉప్పుండె. అబద్ధమెందుకు?" అన్నాడు, అందరికీ వినిపించేలా. "గా ఉప్పు నాది. వీండ్ల నీళ్లు మంచియే, పాలు మంచియే. అచ్చులు చేసింది నేను. నా మాటు కారింది. నన్ను తిట్టుండ్రి, గీ బిడ్డ సరుకును తిట్టకుండ్రి."

ఆ గుంపులో సగం మంది ఇళ్లలో ఆయన చేసిన కొలతలు, సందుగులు ఉన్నాయి. రేకు పని చేసేవాడు పదిమందిలో నా మాటు కారిందనడమంటే ఏమిటో, నేతగాడి కోడలిని కాబట్టి నాకు తెలుసు. నా నేత పిగిలిందని ఏ సాలెవాడూ సంతలో నిలబడి అనడు.

తర్వాత ఆ ఆవిడే ముందుకొచ్చి, పెట్టె మూత తీసి, ఐస్‌ఫ్రూట్ తాను కొరికి చూసింది. నాలుక మీద తిప్పింది. మిగిలింది తన బిడ్డ చేతిలో పెట్టింది. అంతే. మధ్యాహ్నానికి మా పెట్టెలు ఖాళీ. ఇంటికొచ్చాక మా ఆయన దూలానికి వేలాడుతున్న మూట దించి, లోపలి ధోవతి తీసి కట్టుకున్నాడు. ఆ మూట గుడ్డ ఇప్పుడు మా దిమ్మెల మీద కప్పుతున్నాం.

అప్పటి నుంచి ప్రతి వేసవి మొదటి రోజు చిచ్చా వచ్చి ఆ రైలు తాళం తిప్పితేనే మేం అమ్మకం మొదలుపెట్టేవాళ్లం. చూపు తగ్గాక కూడా కొత్త అచ్చు చేస్తే ముందు బూడిద మీద పెట్టేవాడు, తర్వాత తొట్టిలో వేసి నోటితో చూసేవాడు. "బూడిద సగమే చెప్తది," అనేవాడు. నేను ఎవరి మీదనైనా నోరు చేసుకోబోతే రైలు వైపు చూపించి, "అంచు లోపట బిడ్డా," అని నవ్వేవాడు. చాలాసార్లు ఆగాను. కొన్నిసార్లు ఆగలేదు. బాతు మార్కు పెట్టె ఇప్పటిదాకా నిజం రైలు ఎక్కలేదు. ఆయనకు ఆ ఆశ చివరిదాకా పోలేదు.

సాయంత్రం బస్సుకు బిడ్డ వచ్చింది. తండ్రి చెంప మీద చెయ్యి పెట్టి, "మా అబ్బా ఇంత సల్లగ ఎన్నడు లేడు," అంది. పొద్దు గూకకముందే మట్టి చేశారు. మరునాడు నేను పెట్టె తెచ్చుకోవడానికి వెళ్లాను. కరిగిన నీళ్లతో సగం నిండి, పొయ్యి పక్కనే ఉంది. నేనూ ఆ పిల్లా కలిసి పైకి ఎత్తాం. కింద రాలిన బూడిద తెల్లగా, పొడిగా ఉంది.

మూడోనాటి జియారత్ అయ్యాక, బోథ్ బస్సు ఎక్కే ముందు ఆమె మా ఫ్యాక్టరీకి వచ్చింది. "అక్కా, అబ్బా రైలు ఒక్కసారి నడిపియ్యవా? నా పెండ్లయినంకనే గదా చేసిండు. ఇనుడే గని చూడలే," అంది. అద్దాల బీరువాలోంచి దించి, ఏడు పెట్టెల్లో ఏడు ఐస్‌ఫ్రూట్‌లు పెట్టి, మొదటిసారి నేనే తాళం తిప్పాను. బండి మూడు చుట్లు తిరిగి ఆమె ముందు ఆగింది. ఆమె మూత తీసింది. ఏడుస్తూనే కొరికింది. నీళ్లు చెంపల మీదుగా పెదవుల్లోకి కారుతున్నాయి.

"జర ఉప్పున్నది అక్కా," అంది.

"గా ఉప్పు మీ అబ్బాది గాదు బిడ్డా," అన్నాను. "గది నీది."

ఆమె ఏడుపులోనే నవ్వింది. స్ప్రింగులో ఇంకా కాస్త బలం మిగిలినట్టుంది. నేను చెయ్యి తీయగానే బండి మళ్లీ కదిలింది. మూత తెరిచిన ఖాళీ పెట్టెతో, మిగిలిన ఆరు బాతులతో, చివర గార్డు డబ్బాతో, ఒక్క చక్రమూ పట్టా దిగకుండా మలుపు తిరిగింది.